ఆటకు ముందు ఎన్ని నిమిషాలు?

స్కూలు జట్లకు బాస్కెట్‌బాల్ నేర్పేవాళ్ల మధ్య ఎప్పటికీ తెగని తగువు ఒకటుంది: మ్యాచ్‌కు ముందు పిల్లల చేత వార్మప్ ఎంతసేపు చేయించాలి? ఈ సంవాదంలో మాట్లాడేది ఇద్దరు. మాస్టారు జిల్లా పరిషత్ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన లెక్క అరగంట. కోచ్ ఆయన శిష్యురాలే. ఇప్పుడు 13 నుంచి 16 ఏళ్ల పిల్లలకు శిక్షణ ఇస్తోంది. ఆమె లెక్క పావుగంట. పైకి చూస్తే తేడా పదిహేను నిమిషాలే. కానీ ఆట మొదలయ్యేసరికి పిల్లల కాళ్లలో ఎంత సత్తువ ఉంటుంది, వాళ్ల మోకాళ్లూ చీలమండలూ ఎంత భద్రంగా ఉంటాయి అన్నది ఆ కాస్త సమయాన్ని ఎలా వాడామన్న దాని మీదే ఆధారపడి ఉంది.

మాస్టారు: ఏమ్మా, సెమీఫైనల్‌కు ముందు పిల్లల వార్మప్ పావుగంటలో ముగించేశావట. మన పద్ధతి నీకు తెలియనిది కాదు. గ్రౌండ్ చుట్టూ నాలుగు రౌండ్లు, మెడ నుంచి మడమ దాకా వ్యాయామాలు, స్ట్రెచింగ్, ఆ తర్వాత లేఅప్‌లు, షూటింగ్. చొక్కా తడిసేదాకా నేనెవర్నీ కోర్టులోకి దించలేదు. నువ్వూ అలా ఆడినదానివే.

కోచ్: అలా ఆడినదాన్నే మాస్టారూ. మీరు పెట్టిన ఆ క్రమశిక్షణ వల్లే ఈ ఆటలో నిలబడ్డాను. వార్మప్ వద్దని నేననడం లేదు. ఎన్ని నిమిషాలు చేయించాలి, ఏ వరుసలో చేయించాలి, ఆట మొదలయ్యే వేళకు ఎంత ముందు ఆపాలి? నా వాదన ఈ మూడింటి గురించే.

మాస్టారు: సరే, మొదటి దాని దగ్గరే మొదలుపెడదాం. పావుగంట చాలని ఏ లెక్కన అంటున్నావు?

కోచ్: కండరం వేడెక్కే లెక్కన. ఒంటి లోపలి వేడి 37 డిగ్రీలుంటే, కదలకుండా కూర్చున్న పిల్లవాడి తొడ కండరం అంతకంటే రెండు డిగ్రీల దాకా చల్లగా ఉంటుంది. ఆ కండరం వేడి ఒక్క డిగ్రీ పెరిగితే చాలు, దూకడానికీ పరుగెత్తడానికీ అది ఇచ్చే శక్తి 2 నుంచి 5 శాతం పెరుగుతుంది. చలికాలం పొద్దున గడ్డకట్టిన నెయ్యి వేడి తగలగానే జారినట్టు, కండరం లోపలి బిగుతు తగ్గుతుంది. నరాల నుంచి సంకేతాలు త్వరగా అందుతాయి, రక్తం నుంచి ఆక్సిజన్ కూడా కండరానికి సులువుగా దిగుతుంది. 3.05 మీటర్ల ఎత్తున ఉన్న రింగు కింద రీబౌండ్ కోసం ఎగిరే పిల్లకు ఆ నాలుగైదు శాతమే బంతి అందడానికీ అందకపోవడానికీ మధ్య తేడా.

మాస్టారు: ఇంతవరకూ నువ్వు చెప్పింది నా వైపే ఉంది కదమ్మా. వేడి పెరిగితే మంచిదైతే, ఇంకాసేపు చేయిస్తే ఇంకా మంచిది.

కోచ్: చిక్కంతా అక్కడే వచ్చింది. కండరం వేడి మొదటి మూడు నుంచి ఐదు నిమిషాల్లోనే గబగబా పెరుగుతుంది. పది నిమిషాలు దాటాక ఆ పెరుగుదల నెమ్మదిస్తుంది. ఇరవై నిమిషాలకు దాదాపు ఆగిపోతుంది. ఆ తర్వాత చేసే ప్రతి పరుగూ ఆటకు దాచుకోవలసిన సత్తువను తినేస్తుంది. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో 2011లో ట్రాక్ సైక్లిస్టుల మీద ఒక ప్రయోగం చేశారు. వాళ్లకు అలవాటైన వార్మప్ దాదాపు 50 నిమిషాలు. దాన్ని పావుగంటకు కుదించి, తీవ్రత కూడా తగ్గించి పరీక్షిస్తే, పొట్టి వార్మప్ చేసిన రోజే కాళ్లు ఎక్కువ శక్తినిచ్చాయి. పాత వార్మప్ వాళ్లను పోటీకి ముందే అలిసిపోయేలా చేస్తోందని తేలింది.

మాస్టారు: సైకిల్ తొక్కే పెద్దవాళ్ల లెక్క తెచ్చి బంతాట ఆడే పిల్లలకు కడితే ఎలా? సైకిల్ మీద కాళ్లు ఒకే తీరుగా తిరుగుతాయి. మన ఆటలో ఎగరాలి, ఆగాలి, మళ్లాలి, వెనక్కి పరుగెత్తాలి.

కోచ్: ఒప్పుకుంటాను. ఆ ప్రయోగం మనకు నేరుగా చెప్పేది ఒక్కటే: వార్మప్ కూడా అలసట తెస్తుంది. మీరన్న తేడా మాత్రం నా వాదనకే బలమిస్తోంది. 1995లో ఆస్ట్రేలియా లీగ్ ఆటగాళ్లను మ్యాచ్ పొడుగునా గమనించి లెక్కవేస్తే, ఒక్కో ఆటగాడు ఇంచుమించు రెండు సెకన్లకోసారి కదలిక తీరు మార్చాడు. మొత్తం మ్యాచ్‌లో దాదాపు వెయ్యిసార్లు. అలాంటి ఆటకు గ్రౌండ్ చుట్టూ ఒకే దిక్కుగా నాలుగు రౌండ్లు తిరగడం ఏం సిద్ధం చేస్తుంది? వేడి తెస్తుంది, అంతే. ఆ వేడినే డ్రిబ్లింగ్ చేస్తూ, పక్కకు జరుగుతూ, వెనక్కి పరుగెత్తుతూ తెచ్చుకుంటే కాళ్లకూ కళ్లకూ కూడా ఆట అందుతుంది.

మాస్టారు: రౌండ్ల సంగతి వదిలేద్దాం, బంతితోనే పరుగెత్తనీ. స్ట్రెచింగ్ మాత్రం వదలను. కాలు చాపి, ముందుకు వంగి, పాదం పట్టుకుని ముప్పై అంకెలు లెక్కపెట్టించాలి. ఒళ్లు సాగనిదే గాయం ఆగదు.

కోచ్: కదలకుండా పట్టి సాగదీసే స్ట్రెచింగ్ గురించి ఇప్పుడు చాలా స్పష్టత వచ్చింది మాస్టారూ. ఒక్కో కండరాన్ని మొత్తం 60 సెకన్లకు మించి సాగదీస్తే, ఆ వెంటనే దాని బలం, దూకే శక్తి కొంత తగ్గుతాయి. అంతకంటే తక్కువసేపైతే నష్టం స్వల్పం. పిల్లల మీదా పరీక్షించారు. 2005లో అమెరికాలో ఫేగన్‌బామ్ బృందం పదకొండేళ్ల వయసు పిల్లలతో వేర్వేరు వార్మప్‌లు చేయించి చూసింది. కూర్చుని సాగదీసిన రోజు కంటే, కదులుతూ వ్యాయామాలు చేసిన రోజు పిల్లలు ఎక్కువ ఎత్తు ఎగిరారు, షటిల్ రన్ వేగంగా పూర్తిచేశారు. మీరు ముప్పై అంకెలు అంటారు. పిక్కలకు రెండుసార్లు, తొడలకు ముందూ వెనకా రెండేసిసార్లు, నడుముకు ఇంకో రెండుసార్లు. రెండు కాళ్లకూ విడివిడిగా చేస్తే, మారే సమయంతో కలిపి దాదాపు ఎనిమిది నిమిషాలు పిల్లలు నేల మీద కూర్చునే ఉంటారు. అంతకుముందు పరుగెత్తి తెచ్చుకున్న వేడి అక్కడే పోతుంది.

మాస్టారు: అయితే సాగదీయడమే తప్పంటావా?

కోచ్: తప్పనను. ఆట అయ్యాక చేయించండి, సాయంత్రం ఇంటి దగ్గర చేసుకోమనండి. కీళ్లు బాగా వంగడానికి అది పనికొస్తుంది. మ్యాచ్‌కు ముందు మాత్రం కదులుతూనే సాగాలి. పెద్ద అడుగు ముందుకు వేసి మోకాలు వంచడం, నడుస్తూ మోకాలు ఛాతీ దాకా లేపడం, కాలు ముందుకూ వెనక్కూ ఊపడం, డిఫెన్స్ భంగిమలో పక్కకు జరగడం. ఇందులో కండరం సాగుతుంది, వేడీ నిలుస్తుంది.

మాస్టారు: ఇప్పుడు నా అసలు వాదన విను. నీ లెక్కలన్నీ ఎంత ఎత్తు ఎగిరారు, ఎంత వేగంగా పరుగెత్తారు అన్న దాని చుట్టూనే తిరుగుతున్నాయి. నాకు ముఖ్యం పిల్లవాడు తన కాళ్ల మీద నడుచుకుంటూ ఇంటికి వెళ్లడం. మన ఆటలో అన్నిటికంటే ఎక్కువగా అయ్యే గాయం చీలమండ బెణుకు. మోకాలి లోపలి లిగమెంట్ తెగితే, ముఖ్యంగా ఆడపిల్లలకు, చదువూ ఆటా రెండూ దెబ్బతింటాయి. మన స్కూళ్ల పిల్లల ఇళ్లలో ఆపరేషన్‌కు డబ్బు ఎక్కడిది? నార్వేలో ఈ విషయం మీద పెద్ద పరిశోధనలే జరిగాయని నువ్వే ఒకసారి నాకు చెప్పావు.

కోచ్: చెప్పాను. వాటిని కాదనలేను. 2005లో నార్వేలో 15 నుంచి 17 ఏళ్ల హ్యాండ్‌బాల్ పిల్లల చేత సీజనంతా 15 నుంచి 20 నిమిషాల ప్రత్యేక వార్మప్ చేయించారు. మోకాలు, చీలమండ గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. 2008లో అక్కడే ఫుట్‌బాల్ ఆడే 13 నుంచి 17 ఏళ్ల అమ్మాయిలకు ఫిఫా తయారుచేసిన 20 నిమిషాల కార్యక్రమం నేర్పితే, మొత్తం గాయాలు మూడో వంతు దాకా తగ్గాయి. అమెరికాలో షికాగో ప్రభుత్వ హైస్కూళ్లలో బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ ఆడే అమ్మాయిల మీదా ఇలాంటి 20 నిమిషాల వార్మప్‌నే పరీక్షించారు. 2011లో ఫలితాలు అచ్చయ్యాయి. ఎవరూ తగలకుండా తమంతట తామే పడి తెచ్చుకునే కాలి గాయాలు తగ్గాయి.

మాస్టారు: మరి? ఇరవై నిమిషాలు అని వాళ్లే చెబుతున్నారు. నీ పావుగంట ఎక్కడ నిలుస్తుంది?

కోచ్: ఆ ఇరవై నిమిషాల్లో ఏముందో చూడాలి మాస్టారూ. అందులో రౌండ్లు కొట్టడం లేదు, కూర్చుని సాగదీయడం లేదు. ఒంటికాలి మీద నిలబడి బంతి పట్టుకోవడం, తొడ వెనక కండరానికి బలమిచ్చే వ్యాయామాలు, నడుముకు బలం, ఎగిరి మెత్తగా దిగడం ఉన్నాయి. వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి చేస్తే ఒళ్లు దిగే తీరు మారుతుంది. గాయాన్ని ఆపేది ఆ అలవాటు. మ్యాచ్ రోజున ఒక్కసారి చేసే నిమిషాలతో అది రాదు. ఫిఫా కార్యక్రమం రాసినవాళ్లే మ్యాచ్ రోజున బలం, బ్యాలెన్స్ భాగాన్ని వదిలేసి, పరుగు భాగాలు మాత్రమే చేయమన్నారు. ప్రాక్టీస్ రోజుకూ మ్యాచ్ రోజుకూ వాళ్లే తేడా పెట్టారు.

మాస్టారు: ఈ మాట నాకు కొత్త. అంటే ప్రాక్టీస్ రోజున ఇరవై నిమిషాలు, ఇంకాస్త ఎక్కువైనా పరవాలేదంటావు?

కోచ్: పరవాలేదనడం కాదు, తప్పకుండా ఇవ్వాలంటాను. అక్కడ మీరే గెలిచారు. ప్రాక్టీస్‌లో ఆ ఇరవై నిమిషాలు ఎగ్గొట్టి నేరుగా మ్యాచ్‌లాడించే కోచ్‌లను చూస్తే నాకూ మనసు ఊరుకోదు. ఒక్క విషయం దగ్గర నిలబడి చూడండి. రీబౌండ్ పట్టి కిందికి దిగే అమ్మాయి మోకాళ్లు చూడండి. దిగేటప్పుడు మోకాళ్లు రెండూ ఒకదానివైపు ఒకటి వాలాయా, పాదాల వేళ్లకు సూటిగా ఉన్నాయా? పాదం నేలకు తగిలినప్పుడు దబ్బుమని చప్పుడైందా, ముందు వేళ్ల దగ్గర ఆని, తర్వాత మడమ ఆని, తుంటీ మోకాలూ వంగి బరువును మింగాయా? మోకాళ్లు లోపలికి వాలి, కాళ్లు కర్రల్లా నిటారుగా దిగే పిల్లకు ప్రమాదం ఎక్కువ. 'చప్పుడు లేకుండా దిగు, మోకాళ్లు వేళ్ల మీదికి' అని ప్రతి ప్రాక్టీస్‌లోనూ పదిసార్లు దూకించి చెబితే, కొన్ని వారాలకు ఒళ్లు తనంతట తానే అలా దిగుతుంది. దానికి కావలసింది జిమ్ కాదు, పక్కన నిలబడి చూసే కళ్లు.

మాస్టారు: బాగా చెప్పావు. అయినా నా దగ్గర ఇంకో మాటుంది. డిసెంబరులో ఆదిలాబాద్‌లో పొద్దున ఏడింటికి మ్యాచ్ పెడతారు. ఊపిరి వదిలితే పొగలా కనిపిస్తుంది. పిల్లలు రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చుంటారు. అక్కడా పావుగంటేనా?

కోచ్: అక్కడ ఐదు నిమిషాలు పెంచుతాను. ట్రాక్ ప్యాంటు తీయనివ్వను. మే నెలలో విజయవాడలో సిమెంటు కోర్టు మీద ఆడితే తగ్గిస్తాను. ఎండలో కండరం తొందరగానే వేడెక్కుతుంది. అక్కడ మనం చేయవలసింది ఒంటి లోపలి వేడి హద్దు మీరకుండా చూడటం. ఎండలో అరగంట పరుగెత్తించి నాలుగు క్వార్టర్లు ఆడమంటే, మూడో క్వార్టర్‌కే కాళ్లు లేవవు. అక్కడ నీడలో పదీ పన్నెండు నిమిషాలు చాలు, నీళ్లు దగ్గరుండాలి. అందుకే నేను గడియారాన్ని ఒక్కదాన్నే నమ్మను. చేతులూ మెడా తడిగా మెరవాలి, ఊపిరి వేగంగా ఉన్నా రెండు మాటలు చెప్పగలగాలి, మొహంలో అలసట కనిపించకూడదు. అదే నా కొలత.

మాస్టారు: పిల్లల మనసు సంగతి? మొదటిసారి జిల్లా పోటీకి వచ్చిన పిల్ల చేతులు వణుకుతుంటాయి. అరగంట పాటు అలవాటైన పని చేస్తుంటే భయం దిగుతుంది.

కోచ్: దిగుతుంది. కానీ ధైర్యమిచ్చేది అలవాటైన వరుస. ప్రతి మ్యాచ్‌కూ అదే వరుస పాటిస్తే పావుగంటలోనూ ఆ ధైర్యం వస్తుంది. నా వరుస ఇది. మొదటి నాలుగు నిమిషాలు బంతితో నెమ్మది పరుగు, ముందుకూ పక్కకూ వెనక్కూ. తర్వాత నాలుగు నిమిషాలు కదులుతూ చేసే వ్యాయామాలు. ఇంకో నాలుగు నిమిషాలు రెండు వరుసల్లో లేఅప్‌లు, జంటలుగా షూటింగ్, వేగం పెంచుకుంటూ. చివరి మూడు నిమిషాల్లో కోర్టు సగం దాకా పూర్తి వేగంతో మూడు పరుగులు, శక్తికొద్దీ నాలుగైదు దూకుళ్లు, మధ్యలో ఊపిరి తీసుకునే సమయం. ముందు మెల్లగా మొదలై, చివర ఆట వేగానికి చేరాలి. చాలా జట్లు చేసే పొరపాటు లేఅప్ వరుసలో పన్నెండు మంది పిల్లలు తమ వంతు కోసం నిలబడటం. పది నిమిషాల లేఅప్‌లలో ఒక్కో పిల్ల నిజంగా కదిలేది రెండు నిమిషాలైనా ఉండదు.

మాస్టారు: ఇప్పుడు నీ మూడో ప్రశ్నకు రా. ఎప్పుడు ఆపాలి?

కోచ్: నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నియమాల ప్రకారం ఆటకు ముందు 20 నిమిషాల వ్యవధి ఉంటుంది. మన స్కూలు టోర్నమెంట్లలో ముందు మ్యాచ్ ఆలస్యమైతే కోర్టు మీద ఐదు నిమిషాలు కూడా దొరకవు. దొరికినా, వార్మప్ అయ్యాక పిల్లల్ని వరుసలో నిలబెడతారు. ముఖ్య అతిథి రావాలి, పరిచయాలు, శాలువాలు, ప్రసంగాలు, ఫోటోలు. ఆ పావుగంటలో కండరం చల్లబడుతుంది. మీ అరగంటా నా పావుగంటా రెండూ వృథా అవుతాయి. బాస్కెట్‌బాల్ ఆటగాళ్లనే వార్మప్ తర్వాత కూర్చోబెట్టి పరీక్షించిన పరిశోధన ఒకటి 2012లో వచ్చింది. కూర్చున్న కొద్దీ వాళ్లు ఎగిరే ఎత్తూ, పరుగు వేగమూ తగ్గుతూ పోయాయి.

మాస్టారు: అతిథుల మాట నిజమే. నేనూ చేతులు కట్టుకుని నిలబడి చూశాను. మరి బెంచీ మీద కూర్చున్న పిల్లల సంగతీ అంతేగా?

కోచ్: అంతే. నా దగ్గర పన్నెండు మంది ఉంటే ఏడుగురు బెంచీ మీద ఉంటారు. మూడో క్వార్టర్ మధ్యలో ఒక పిల్లను లేపి 'వెళ్లు' అంటాం. గంటసేపు కూర్చున్న కాళ్లతో ఆ పిల్ల కోర్టులోకి దిగి, మొదటి నిమిషంలోనే పూర్తి వేగంతో ఎగరాలి. జారి పడితే తప్పెవరిది? హాఫ్‌టైమ్ 15 నిమిషాలూ అంతే. 2004లో ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద చేసిన పరిశోధనలో, విరామంలో కూర్చున్నవాళ్ల కండరం చల్లబడి రెండో సగం మొదట్లో వేగం తగ్గింది. విరామం చివర ఏడు నిమిషాలు ఓ మోస్తరు వేగంతో పరుగెత్తినవాళ్లకు ఆ తగ్గుదల లేదు.

మాస్టారు: అంటే నా పాత అరగంటలోంచి పదిహేను నిమిషాలు తీసి, వాటిని హాఫ్‌టైమ్‌కూ బెంచీకీ పంచాలంటావు.

కోచ్: మీరు నాకంటే బాగా చెప్పారు మాస్టారూ.

మాస్టారు: నేనింకా పూర్తిగా ఒప్పుకోలేదు. నా పిల్లల మీద చూసి నమ్ముతాను.

కోచ్: చూద్దాం. గోడా, సుద్దపొడీ ఉంటే చాలు. 1921లో అమెరికన్ వ్యాయామ విద్యావేత్త డడ్లీ సార్జెంట్ ప్రచారంలోకి తెచ్చిన పరీక్ష ఇది. పిల్ల గోడ పక్కన నిలబడి చెయ్యెత్తి వేళ్లతో ఒక గుర్తు పెడుతుంది, ఎగిరి ఇంకో గుర్తు పెడుతుంది. మధ్య దూరం కొలుస్తాం. వారంలో ఒకరోజు వార్మప్ లేకుండా, ఇంకోరోజు పావుగంట తర్వాత, మరోరోజు అరగంట తర్వాత, నాలుగోరోజు పావుగంట చేసి ఇంకో పావుగంట కూర్చున్నాక. ఒకే వేళకు, ఒకే బూట్లతో, ఒక్కొక్కరూ మూడుసార్లు ఎగరాలి. లెక్కలు మీరే రాయండి.

మాస్టారు: రాస్తాను. ఫలితం ఎలా వచ్చినా, ప్రాక్టీస్‌లో నీ దిగే వ్యాయామం మాత్రం రేపటి నుంచే మొదలుపెడదాం.

ఇద్దరి మాటలూ విన్నాక నా తీర్పు ఇది. మ్యాచ్ రోజున పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు చాలు. మెల్లగా మొదలై ఆట వేగంతో ముగియాలి, ఆట మొదలవడానికి ఐదు నిమిషాల ముందు దాకా సాగాలి. ప్రాక్టీస్ రోజున ఇరవై నిమిషాలకు తగ్గకూడదు. అందులో బ్యాలెన్స్, బలం, మెత్తగా దిగడం తప్పనిసరిగా ఉండాలి. మ్యాచ్ రోజున తెచ్చుకున్న వేడి ఆట దాకా నిలవాలి కాబట్టి పోటీలు నిర్వహించే పెద్దలకు నా విన్నపం: ప్రసంగాలూ సత్కారాలూ వార్మప్‌కు ముందే పూర్తిచేయండి, లేదా ఆట ముగిశాక పెట్టుకోండి. కోర్టు పక్కన బెంచీ పిల్లలు కదలడానికి నాలుగు గజాల చోటివ్వండి. వ్యాయామ ఉపాధ్యాయులారా, ఈ వారమే మీ స్కూలు గోడ మీద సుద్దతో ఆ గుర్తులు పెట్టించి చూడండి. మీ పిల్లలకు ఎన్ని నిమిషాలు సరిపోతాయో ఆ గుర్తుల మధ్య దూరమే చెబుతుంది.